మీటింగ్‌లో నోరు పెగలడం లేదన్న తమ్ముడికి

తమ్ముడూ, తెలుగు మీడియంలో చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా "నేను దీనికి తగను, ఏదో రోజు బయటపడిపోతాను" అన్న భయం పోలేదన్నావు. నాకూ అంతే ఉండేది. మాట్లాడే వంతు దగ్గర పడేకొద్దీ అరచేతులు తడిసిపోయేవి. 1978లో పౌలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే సైకాలజిస్టులు ఈ భయం గురించే రాశారు. వాళ్లు గమనించింది బాగా చదివి పైకొచ్చిన ఆడవాళ్లను. కాబట్టి దీన్ని చేతగానితనం అనుకోకు.

నాకు పనికొచ్చింది ఒక నోటుబుక్కు. రోజూ సాయంత్రం నా చేత్తో పూర్తయిన పని ఒక్కటి తేదీ వేసి రాసేవాణ్ణి. "లాగిన్ బగ్ సరిచేశాను", అంతే. నాలుగు నెలల తర్వాత వెనక్కి తిప్పి చూస్తే కళ్లు చెమర్చాయి. మీటింగ్‌కి ముందు మొదటి వాక్యం కాగితం మీద రాసుకో, అది గట్టెక్కితే టెన్షన్ సగం తగ్గుతుంది.

నిద్ర, తిండి దెబ్బతింటుంటే మాత్రం ఆగకు. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.