దూరపు బడి, పొద్దుటి పరుగు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేం ఘట్‌కేసర్‌లో ఉంటాం. మా పాప మూడో తరగతి, బడి తార్నాకలో. బస్సు 6:50కి వస్తుంది, మొదటి బెల్లు 8:30కి. పొద్దున ఏం పెట్టినా తినదు. తిన్న రోజు నారపల్లి దాటకముందే వాంతి చేసుకుంటుంది. బడి మార్చేయమని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: బడి మార్చేముందు బస్సు ఎక్కే చోటు మార్చి చూడండి. ఘట్‌కేసర్ నుంచి తార్నాక సుమారు 20 కిలోమీటర్లే. దానికి గంటన్నర పడుతోందంటే ఆ సమయాన్ని దూరం ఒక్కటే తినడం లేదు, స్టాపులు తింటున్నాయి. బస్సు వరంగల్ హైవే దిగి నారపల్లి, బోడుప్పల్, పీర్జాదిగూడ కాలనీల్లోకి వెళ్లి మళ్లీ రోడ్డెక్కుతుంది. స్టాపుకి రెండు నిమిషాలు వేసుకున్నా పదిహేను స్టాపులకి అరగంట. మీ పాప మొదట్లోనే ఎక్కుతుంది కాబట్టి వెనక ఎక్కేవాళ్ల ఆలస్యమంతా తనమీదే పడుతోంది. బడిలో బస్సులు చూసేవారిని అడిగి స్టాపులు, టైములు ఉన్న కాగితం తీసుకోండి. ఇంట్లో ఎవరైనా ఆఫీసుకి ఉప్పల్ మీదుగా వెళ్తుంటే పాపను అక్కడ ఎక్కించండి. ముప్పావుగంట ఆలస్యంగా బయల్దేరవచ్చు, వాంతి వచ్చే దారి సగానికి పైగా తగ్గుతుంది. అది కుదరకపోతే, కాలనీ లోపలి రెండు మూడు స్టాపులను మెయిన్ రోడ్డు మీద ఒకే స్టాపు చేయమని ఆ కాలనీల తల్లిదండ్రులతో కలిసి రాతపూర్వకంగా అడగండి. ఒక్కరు అడిగితే ‘చూద్దాం’ అంటారు, పదిమంది సంతకాలు పెడితే కదులుతారు.

ఇక వాంతి సంగతి. కళ్లు పుస్తకం మీదో ముందు సీటు మీదో ఉంటే ‘కదలడం లేదు’ అంటాయి, చెవి లోపలి భాగం ‘కదులుతున్నాం’ అంటుంది. ఆ తగాదాయే కడుపులో తిప్పడం. 2 నుంచి 12 ఏళ్ల పిల్లల్లో ఇది మామూలే. వెనక చక్రాల మీది సీటు, ఆఖరి సీటు వద్దు. ముందు భాగంలో కిటికీ పక్క సీటు ఇమ్మని ఆయాకి చెప్పండి. కిటికీ కాస్త తీసి ఉంచాలి, చూపు ముందు రోడ్డు మీద ఉండాలి. బస్సులో హోంవర్కు, ఫోను రెండూ బంద్.

ఖాళీ కడుపూ తప్పే, నిండు కడుపూ తప్పే. బస్సుకి 40 నిమిషాల ముందు ఒక ఇడ్లీ లేదా సగం అరటిపండు, రెండు గుక్కల నీళ్లు చాలు. ఎక్కేముందు గ్లాసెడు పాలు తాగించడం, పూరీ, నెయ్యి పెసరట్టు పెట్టడం మానేయండి. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఆ పాల గ్లాసే. అసలు టిఫిను వేరే చిన్న డబ్బాలో పెట్టి, బడికి చేరాక బెల్లుకి ముందు తినమనండి. క్లాస్ టీచర్‌కి డైరీలో ఒక ముక్క రాస్తే అభ్యంతరం చెప్పరు. బ్యాగు పక్క జేబులో రెండు కవర్లు, ఒక చేతిరుమాలు ఉంచండి. వాంతి మాత్రలు మాత్రం పిల్లల డాక్టరు చెప్పకుండా వేయొద్దు. వాటిలో చాలావాటికి మత్తు ఉంటుంది, మొదటి రెండు పీరియడ్లు నిద్రలోనే పోతాయి.

తినకపోవడానికి మరో కారణం నిద్ర చాలకపోవడం. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. 5:45కి లేపాలంటే 8:30కల్లా కళ్లు మూసుకోవాలి, అంటే ఏడుంపావుకి అన్నం, ఎనిమిదింటికి టీవీ ఆగాలి. ఆదివారం కూడా గంటకి మించి ఆలస్యంగా లేవనివ్వకండి, లేకపోతే సోమవారం పొద్దున యుద్ధమే. బ్యాగు సర్దడం, సాక్సులు, బెల్టు, ఐడీ కార్డు వెతకడం పొద్దుటి పనులు కావు. అవి రాత్రే గుమ్మం పక్కకు చేరాలి. బ్యాగు బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదని 2020లో వచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది. 25 కిలోల పిల్లకి అది రెండున్నర కిలోలు. లీటరు సీసా నిండా నీళ్లు పోస్తేనే కిలో అయిపోయింది. బడిలో ఫిల్టరు నీళ్లుంటే సగం సీసా చాలు.

ప్రశ్న: బడి బస్సు మా వీధికి రాదు. ఒక ఆటో ఆయన ఎనిమిది మంది పిల్లల్ని తీసుకెళ్తున్నాడు, ఇంకొకాయన దగ్గర వ్యాను ఉంది. దేన్ని నమ్మాలి? ఏం చూడాలి? – గన్నవరం నుంచి ఒక తండ్రి

జవాబు: నమ్మకం కంటే ముందు నంబరు ప్లేటు చూడండి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే కిరాయికి తిప్పడానికి రిజిస్టరైన బండి. తెల్ల ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే సొంత వాడకానికి. తెల్ల ప్లేటు వ్యానులో నెలకింత అని డబ్బు తీసుకుని పిల్లల్ని తిప్పుతుంటే, రేపు ఏదైనా జరిగినప్పుడు బీమా కంపెనీ పేచీ పెట్టడానికి ఆ ఒక్క కారణం చాలు. కేంద్ర రవాణా శాఖ వారి ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే బండి తరగతి, ఇంధనం, ఫిట్‌నెస్, బీమా గడువులు కనిపిస్తాయి. ఇంధనం ‘పెట్రోల్’ అని మాత్రమే ఉండి వెనక సీటు కింద గ్యాస్ సిలిండర్ కనిపిస్తే ఆ బండిలో పిల్లల్ని ఎక్కించకండి. డ్రైవరు ఎంత మంచివాడైనా సరే.

ఆటో పర్మిట్ ముగ్గురు ప్రయాణికులకి. ఎనిమిది మంది పిల్లలు బ్యాగులతో కలిపి సుమారు 230 కిలోలు, ముగ్గురు పెద్దవాళ్లు 195. బరువులో తేడా అంతేగా అనిపిస్తుంది. చిక్కు బరువు ఎక్కడ కూర్చుందన్న దానిలో ఉంది. ఇద్దరు డ్రైవరుకి అటూ ఇటూ, ఇద్దరు చెక్కబల్ల మీద అంచున, బ్యాగులు బయట కొక్కేలకి. ముందు ఒక్కటే చక్రం ఉన్న బండి మలుపులో ఒరిగేది అందుకే. డ్రైవరు పక్కన కూర్చున్న పిల్లవాడి మోకాలు హ్యాండిల్‌కి అడ్డం వస్తుంది. బయట వేలాడే బ్యాగు పక్క బండికి తగులుతుంది. ఆటో తప్పనిసరైతే షరతులు పెట్టండి: ముందు సీటులో ఎవరూ వద్దు, కుడివైపు కమ్మీ ఉండాలి, బ్యాగులు లోపలే. పిల్లలు తగ్గితే ఒక్కొక్కరి నెల కిరాయి పెరుగుతుంది, అది న్యాయమే. సెలవుల నెలకి ఎంత ఇవ్వాలో జూన్‌లోనే మాట్లాడుకోండి.

బడి బస్సు సంగతీ చెప్పాలి. వీధికి రాకపోయినా అర కిలోమీటరు నడిస్తే దొరికేటట్టుంటే దానికే మా ఓటు. కిటికీలకి అడ్డ కమ్మీలు, ప్రథమ చికిత్స పెట్టె, నిప్పునార్పే సిలిండరు, బస్సు మీద బడి పేరు, ఫోను నంబరు, పిల్లల్ని చూసుకునే మనిషి, భారీ వాహనాలు నడపడంలో కనీసం అయిదేళ్ల అనుభవమున్న డ్రైవరు ఉండాలని సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. మన రెండు రాష్ట్రాల్లోనూ బడి బస్సుల ఫిట్‌నెస్ ఏటా మే 15తో ముగుస్తుంది. జూన్‌లో బడి తెరిచేనాటికి కొత్త సర్టిఫికెట్ వచ్చిందో లేదో అడగడం మీ హక్కు.

ఏ బండైనా ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది దిగే క్షణంలో. సాయంత్రం తల్లి రోడ్డుకి అవతల నిలబడి చెయ్యి ఊపుతుంది, పిల్లవాడు బస్సు ముందునుంచి పరుగెత్తుతాడు. బస్సు ముందు బంపరుకి ఆనుకుని ఉన్న చిన్నపిల్లలు డ్రైవరు కంటికి ఆనరు. మీరు ఎప్పుడూ బస్సు తలుపు ఉన్న వైపే నిలబడండి. దిగాక పది అడుగులు పక్కకి నడవాలి, బస్సు వెళ్లిపోయాకే రోడ్డు దాటాలి. వంగి చెప్పు తీసుకోవడం, పడిన సీసా కోసం చక్రం దగ్గరికి పోవడం అసలు వద్దని పదేపదే చెప్పండి.

ప్రశ్న: నేను స్కూటీ మీద ఇద్దరు పిల్లల్ని 14 కిలోమీటర్లు తీసుకెళ్తాను. చిన్నవాడు ముందు నిలబడతాడు. ఇది తప్పా?

జవాబు: తప్పే. చట్టప్రకారం నడిపేవారు కాక ఇంకొక్కరే ఎక్కాలి. ఎక్కువ మంది ఎక్కితే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు పోవచ్చు. జరిమానా అటుంచి, సడెన్ బ్రేకు వేస్తే ముందు నిలబడ్డవాడి ఛాతీ హ్యాండిల్‌కి, మొహం అద్దానికి కొట్టుకుంటాయి. ఒకరిని బస్సులో పంపి ఒకరినే ఎక్కించుకోండి. నాలుగేళ్లు దాటితే హెల్మెట్ తప్పనిసరి. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకి హెల్మెట్‌తో పాటు నడిపేవారికి కట్టే బెల్టు ఉండాలి, వేగం గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు. ఈ నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది.

హెల్మెట్ కొనేటప్పుడు కనుబొమల పైన టేపుతో తల చుట్టుకొలత తీసుకెళ్లండి. పట్టీ బిగించి తల అటూ ఇటూ ఊపమంటే హెల్మెట్ తలతో పాటే కదలాలి. ‘పెరిగే పిల్లాడు, ఒక సైజు పెద్దది కొందాం’ అని కొన్న హెల్మెట్ పడ్డప్పుడు ఊడిపోతుంది. వెనక కూర్చున్న పిల్లల పాదాలు ఫుట్‌రెస్టుకి అందకపోతే కాలు చక్రం చువ్వల్లోకి పోతుంది, మడమ దెబ్బతింటుంది. అందేదాకా బండి మీద దూరప్రయాణం వద్దు. చున్నీ, రెయిన్‌కోటు అంచు రెండూ కూర్చున్నాక తొడల కింద దోపుకోవాలి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో నాలుగు కుటుంబాల పిల్లలు ఒకే బడికి వెళ్తారు, 18 కిలోమీటర్లు. వంతులవారీగా కార్లు తిప్పితే కలిసొస్తుందా?

జవాబు: కారు దింపి ఇంటికి తిరిగొస్తుందా, అటే ఆఫీసుకి పోతుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండు పూటలా ఖాళీగా తిరిగొస్తే రోజుకి 72 కిలోమీటర్లు. లీటరుకి 15 వచ్చే కారుకి 4.8 లీటర్లు. లీటరు 107 రూపాయల చొప్పున సుమారు 514, నెలకి 22 రోజులకి పదకొండు వేల పైచిలుకు. నలుగురూ పంచుకుంటే ఒక్కో ఇంటికి 2,800 పడుతుంది. ఆఫీసు దారిలోనే బడి ఉన్నవాళ్లు పొద్దున, ఇంట్లో ఉండేవాళ్లు సాయంత్రం తీసుకుంటే ఇంకా తగ్గుతుంది. లెక్క డబ్బుల్లో కాకుండా వంతుల్లో పెట్టుకోండి, స్నేహాలు నిలుస్తాయి.

అయిదు సీట్ల కారులో పిల్లలు నలుగురే, వెనక ముగ్గురు, ముగ్గురికీ బెల్టు. బెల్టు మెడకి ఒరుసుకుంటే పిల్లవాడికి బూస్టర్ సీటు కావాలన్నమాట. వెనక తలుపు అంచున ఉండే చైల్డ్ లాక్ మీట వేసి ఉంచండి. అయిదు నిమిషాలకి మించి ఎవరికోసమూ ఆగకూడదన్న నియమం మొదటి రోజే పెట్టుకోండి. జ్వరం, సెలవు లాంటివి రాత్రి తొమ్మిదికల్లా చెప్పాలి. ఇవి రెండూ లేని ఏర్పాటు దసరా దాకా కూడా నడవదు.

ప్రశ్న: తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి అనకాపల్లి నుంచి గాజువాకకి ఆర్టీసీ బస్సులో ఒక్కతే వెళ్తానంటోంది. పంపవచ్చా?

జవాబు: పంపవచ్చు, మొదటి వారం మీరూ వెంట వెళ్లండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకి, ఆడపిల్లలకి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బు ఉండదు. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకోవాలి. కార్డు మరిచిపోయిన రోజు కోసం యాభై రూపాయలు బ్యాగు లోపలి జేబులో ఉండాలి. ఎక్కాల్సిన బస్సుతో పాటు దాని తర్వాతి బస్సు టైము కూడా తెలియాలి. రెండూ తప్పితే బడికి ఫోను చేసి ఇంటికి రావాలే తప్ప, తెలిసినవాళ్ల బండి అయినా ఎక్కకూడదు. మీ నంబరు, బడి నంబరు, అత్యవసర నంబరు 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఒక కాగితం మీద రాసి ఐడీ కార్డు వెనక పెట్టండి. బడుల్లో ఫోను తేనివ్వరు కాబట్టి ఆ కాగితమే అక్కరకొస్తుంది. తుపాను హెచ్చరికలతో మధ్యాహ్నమే బడి వదిలేసే రోజులు విశాఖ వైపు మామూలే. ఆ రోజు గాజువాకలో ఎవరింటికి వెళ్లి ఆగాలో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.