స్పీకర్ కుర్చీ ఎక్కబోతున్న మేనకోడలికి

చిట్టితల్లీ,

మీ యూనివర్సిటీలో పిల్లలే నడుపుకునే నమూనా శాసనసభకు నిన్ను స్పీకర్‌గా ఎన్నుకున్నారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. సంతోషం ఒక పక్క, బెంగ ఒక పక్క. అసెంబ్లీలో రిపోర్టరుగా సభ్యుల మాటలన్నీ షార్ట్‌హ్యాండ్‌లో రాసి రిటైరైనదాన్ని. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఎప్పుడు చెమటలు పడతాయో నాకు తెలుసు. "అత్తకెందుకు చెప్పావ్" అని నాన్నని కసిరావట. ఎందుకు చెప్పకూడదే?

మామూలు సంగతులు ముందు. అజెండా ముందురోజే అందరికీ అందాలి. ప్రశ్నోత్తరాలు, ముందు నోటీసు లేకుండా అత్యవసర సంగతులు లేవనెత్తే జీరో అవర్, ఆ తర్వాతే బిల్లు. కోరం, అంటే సభ నడవాలంటే ఉండాల్సిన కనీస హాజరు, సభలో పదో వంతు, అదీ పదిమందికి తగ్గకుండా. నీ కుర్చీ ముందున్న ఖాళీ జాగా, అదే వెల్‌లోకి దూసుకొచ్చి ప్లకార్డులు ఊపడం టీవీలో చూసి నేర్చుకుని వస్తారు మీవాళ్లు. మొదటిసారే ఆపు, లేదంటే ఇక నీ మాట వినరు.

నా భయమల్లా మూజువాణి ఓటు గురించే, అదే, అవును-కాదు అనే అరుపులు విని ఫలితం తేల్చేయడం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేవదీసిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకిన రోజులవి. ఒక కాలేజీ పిల్లలు ఇలాంటి సభే పెట్టి నన్ను పిలిచారు. బిల్లు సారా నిషేధం మీదే. స్పీకర్ కుర్రాడు చురుకైనవాడు, రూల్స్ అన్నీ కంఠతా వచ్చు. ఓటుకు పెట్టగానే ముందు వరసల అబ్బాయిలు బల్లలు చరుస్తూ "కాదు" అని అరిచారు. వెనక కూర్చున్న ఆడపిల్లల "అవును" ఆ గోలలో కలిసిపోయింది. "బిల్లు వీగిపోయింది" అనేశాడు. చివరి బెంచీలోంచి ఒకమ్మాయి లేచి "డివిజన్, అధ్యక్షా" అంది, తలలు లెక్కపెట్టమని. ఇంకోసారీ అంది. ఆమె దగ్గర మైకు లేదు, భోజనాల వేళ దాటిపోతోంది. వాడు బెల్లు కొట్టి సభ వాయిదా వేశాడు. ఆమె రెండుసార్లు అన్న మాటా నా నోట్సులోకి ఎక్కింది. తర్వాత వరండాలో చేతులెత్తి లెక్కపెట్టుకుంటే బిల్లే నెగ్గింది. నెగ్గి ఏం లాభం? ఆ పిల్ల ఓణీకి పెట్టుకున్న నియోజకవర్గం పేరున్న అట్టముక్కను పిన్నీసు తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. మధ్యాహ్నం సభకు రాలేదు. వాళ్లింట్లో సారా ఏం చేసిందో ఎవరూ అడగలేదు. ఇప్పటికీ తలచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

ఫలితం మీద ఒక్కరు అభ్యంతరం చెప్పినా సరే, లేపి నిలబెట్టి తలలు లెక్కించు. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269–270తో, ఒకే ఒక్క ఓటుతో పడిపోయింది. ఆ రోజు లోక్‌సభ స్పీకర్ మన కోనసీమ బాలయోగి గారే. అరుపులు విని తేల్చే లెక్కా అది?

రెండువైపులా సమానంగా వస్తేనే నీ ఓటు. స్పీకర్ ఏ పక్షం మనిషీ కాకూడదు. సంజీవరెడ్డి గారు 1967లో లోక్‌సభ స్పీకర్ కాగానే పార్టీకి రాజీనామా చేశారు. నీ రూమ్మేట్లేమో పాలకపక్షంలో ఉన్నారట. సభ ముగిసేదాకా వాళ్లతో టీకి కూడా వెళ్లకు, అలిగితే అలగనీ.

చిన్నప్పుడు చుట్టాలొస్తే నా కొంగు వెనక దాక్కునేదానివి. నోరు పెగలని పిల్ల ఎలా ఉంటుందో నీకు ఒకరు చెప్పాలా తల్లీ? అలాంటివాళ్లు చెయ్యెత్తితే ముందు వాళ్లనే పిలువు.

మైకు వైరు చివరి బెంచీ దాకా వేయించు. ప్రశ్నల జాబితా వాట్సాప్‌లో పంపు, ఆ రాత్రే చూసి పెడతాను.

మీ అత్త