సినిమా పేరుతో వచ్చే వీడియో గేమ్‌లు పిల్లలకు కొనొచ్చా?

సినిమా రిలీజ్ తేదీకి అందించాలని హడావిడిగా చేసిన గేమ్ అయితే వద్దండి. బీసెంట్ రోడ్డు షాపులో డబ్బా మీద హీరోని చూసి పిల్లాడు మారాం చేస్తే మనం కరిగిపోతాం, కానీ లోపలి ఆట ఎలా ఉందో ఆ బొమ్మ చెప్పదు. 1982లో అటారీ అనే వీడియో గేమ్ కంపెనీ ‘ఈ.టీ.’ సినిమా గేమ్‌ని క్రిస్మస్ అమ్మకాల కోసం ఐదు వారాల్లో చేయించింది, చివరికి మిగిలిపోయిన సరుకును 1983లో న్యూమెక్సికోలోని చెత్త డంపింగ్ యార్డులో పూడ్చేశారు, 2014లో తవ్వితే బయటపడింది కూడా!

టైమ్ తీసుకుని చేస్తే వేరు. జేమ్స్ బాండ్ సినిమా ‘గోల్డెన్‌ఐ’ 1995లో వస్తే గేమ్ 1997లో వచ్చింది, దానికి ఇప్పటికీ అభిమానులున్నారు. అయితే అది తుపాకుల ఆట, చిన్నపిల్లలకు కాదు.

వాళ్లకైతే స్టార్ వార్స్ సినిమాల కథని లెగో బొమ్మలతో ఆడించే ‘లెగో స్టార్ వార్స్’ లాంటివి నిశ్చింతగా కొనండి. అన్నాచెల్లెళ్లు ఒకే టీవీ ముందు కూర్చుని కలిసి ఆడొచ్చు, ఆటలో మన బొమ్మ ముక్కలైపోయినా వెంటనే మళ్లీ లేస్తుంది కాబట్టి ఓడిపోయామన్న ఏడుపు ఉండదు. రెండో కంట్రోలర్ (చేత్తో పట్టుకుని ఆడే రిమోట్ లాంటిది) మాత్రం కావాలి.

ఏది కొన్నా ముందు డబ్బా మీద వయసు అంకె చూడండి, యూట్యూబ్‌లో ట్రైలర్ కాకుండా ఎవరైనా ఆడుతున్న వీడియో ఓ పది నిమిషాలు చూడండి.