పొగమంచులో వరుసగా గుద్దుకున్న బండ్లు: తప్పు ఎవరిదో ఎలా తేలుస్తారు?

ప్రశ్న: హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్)పై పొగమంచులో పది బండ్లు గుద్దుకుని తగలబడితే, ఆధారాలేం మిగులుతాయి?

చాలానే. ముందు చూసేది బండ్లు ఆగిన వరుస, టైర్ల గుర్తులు. క్రేన్ కదిలించకముందే ఫొటోలు, కొలతలు తీసుకోవాలి. ట్రాఫిక్ క్లియర్ చేసే హడావిడిలో పాడయ్యేది ఇదే.

టెయిల్ ల్యాంప్ బల్బు కూడా సాక్ష్యమే. వెలుగుతుండగా దెబ్బ తగిలితే, వేడి మీదున్న ఫిలమెంట్ (బల్బు లోపలి సన్నని తీగ) సాగి వంకర తిరుగుతుంది. ఆరి ఉంటే సాధారణంగా అలా సాగదు, పుటుక్కున తెగవచ్చు. రోడ్డు మీద ఆపిన లారీకి లైట్లు వేశారా లేదా అన్నది దీంతో తేల్చవచ్చు, మంటల్లో బల్బు కరిగిపోకపోతే. ఎల్‌ఈడీలకు ఫిలమెంటే ఉండదు కాబట్టి ఈ దారి మూసుకుపోయినట్టే.

వేగం ఎంతో ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ (ఎయిర్‌బ్యాగ్‌ను తెరిచే ఎలక్ట్రానిక్ పెట్టె), లారీ జీపీఎస్, టోల్‌గేట్ టైములు చెబుతాయి. ఆ వేళ ఎంత దూరం కనబడిందో శంషాబాద్ ఎయిర్‌పోర్టు వాతావరణ రికార్డుతో అంచనా వేస్తారు, మంచు చోటుకో తీరుగా ఉంటుందనుకోండి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు పొడి రోడ్డుపైనే ఆగడానికి దాదాపు 100 మీటర్లు కావాలి. 50 మీటర్లే కనబడుతున్నప్పుడు అలా తోలితే, ‘మంచు వల్లే’ అన్న సాకు నాకైతే నిలబడేలా కనిపించదు.

మృతుల శ్వాసనాళంలో మసి ఉంటే, మంటలు లేచేసరికి ప్రాణం ఉందన్నమాట. గుర్తుపట్టలేని దేహాలకు పళ్లు, ఎముకల నుంచి డీఎన్‌ఏ తీస్తారు.