బొమ్మ వాళ్లది, మాట మనది: ఫ్లాప్ సినిమాకు జోకుల ఆడియో పెడితే కేసవుతుందా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. శనివారం రాత్రిళ్లు నలుగురు ఫ్రెండ్స్‌మి మా డాబా మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఫ్లాపయిన సినిమాలు చూస్తూ జోకులేసుకుంటాం. బాగా పేలుతున్నాయని అందరూ అనడంతో ఒక సినిమా మొత్తాన్ని తెర మూలన చిన్న డబ్బాలో ఉంచి, పైన మా కామెంటరీతో యూట్యూబ్‌లో పెట్టాం. కింద డిస్‌క్లెయిమర్ కూడా రాశాం. ఐదో రోజుకి వీడియో పోయింది, యూట్యూబ్ నుంచి కాపీరైట్ స్ట్రైక్ (ఉల్లంఘన హెచ్చరిక) వచ్చింది. ఆ తర్వాత నిర్మాత మనిషినంటూ ఒకాయన ఫోన్ చేసి, యాభై వేలు కట్టకపోతే జైలే అన్నాడు. ఇంట్లో నాన్నగారికి ఇంకా చెప్పలేదు, ఒకటే టెన్షన్. ఇప్పుడు ఏం చేయాలి? బొమ్మ లేకుండా మా మాటల ఆడియో ఒక్కటే పెడితే తప్పా? దాన్ని 49 రూపాయలకు అమ్ముకోవచ్చా? హీరోని, డైరెక్టర్‌ని ఎంతవరకు ఆటపట్టించొచ్చు? కాలేజీ ఫెస్ట్‌లో సినిమా వేసి లైవ్‌గా కామెంటరీ చెప్పమంటున్నారు, చెప్పొచ్చా?

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే జగదాంబ జంక్షన్‌లో చూసిన సెకండ్ షోలు గుర్తొచ్చాయి. హీరో ఒక్క గుద్దుతో ఇరవై మందిని గాల్లోకి లేపితే, వెనక వరసలోంచి ఎవడో ఒక మాట విసిరేవాడు, హాలంతా గొల్లుమనేది. కొన్ని సినిమాలకు టికెట్ డబ్బు గిట్టుబాటయ్యింది ఆ మాటల వల్లే. ఆ కుర్రాడి మీద ఏ నిర్మాతా కేసు పెట్టలేదు. అతను సినిమాను ఎక్కడికీ మోసుకుపోలేదు, నోటికొచ్చిన మాట అన్నాడంతే. మీరేమో మాటతో పాటు బొమ్మను కూడా ఎత్తుకెళ్లారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

కాపీరైట్ చట్టం, 1957లోని 14(డి) సెక్షన్ ప్రకారం సినిమాకు కాపీ తీయడం, అమ్మడం, అద్దెకివ్వడం, జనానికి చేరవేయడం హక్కుదారు చేతిలో ఉంటాయి. సినిమాలోని ఒక దృశ్యాన్ని ఫొటోగా తీసినా కాపీ కిందకే వస్తుందని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. కాబట్టి మీ డబ్బా ఎంత చిన్నదన్నది ఎవరూ స్కేలు పెట్టి కొలవరు. పేర్ల దగ్గర్నుంచి శుభం కార్డు దాకా సినిమా అక్కడ ఉందా, అది చూసినవాడు ఇక అసలు సినిమా చూడనక్కర్లేదా అని చూస్తారు. మీ వీడియో ఈ పరీక్షలో నిలబడదు. స్ట్రైక్ మీద కౌంటర్ నోటిఫికేషన్ (వీడియో తీసేయడం తప్పని యూట్యూబ్‌కు పెట్టే అభ్యంతరం) వేయకండి. మొదటి స్ట్రైక్ కాబట్టి యూట్యూబ్ పెట్టే ‘కాపీరైట్ స్కూల్’ పూర్తిచేయండి, 90 రోజుల్లో ఆ స్ట్రైక్ పోతుంది. ఆ లోపు మూడు స్ట్రైకులు పడితే ఛానెలే పోతుంది.

ఇక ఆ డిస్‌క్లెయిమర్. మన యూట్యూబర్లు చాలామంది వీడియో కింద ‘1976 కాపీరైట్ చట్టం, సెక్షన్ 107’ అని అతికిస్తుంటారు. అది అమెరికా చట్టం. మన 1957 చట్టంలో ఉన్నవే 79 సెక్షన్లు, 107 ఎక్కడినుంచి వస్తుంది? ‘కాపీరైట్ ఉల్లంఘించే ఉద్దేశం లేదు’ అన్న వాక్యం ఇంకా ప్రమాదం. సివిల్ దావాలో ఉద్దేశంతో పని లేదు. క్రిమినల్ కేసులో మాత్రం తెలిసి చేశాడని నిరూపించాలి. ఇది వేరేవాళ్ల సొత్తని మీకు ముందే తెలుసని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టవుతుంది. యూట్యూబ్ ఆటోమేటిక్‌గా పట్టుకోకుండా బొమ్మను అద్దంలోలా తిప్పడం, గొంతు సన్నగా మార్చడం కూడా అలాంటి సాక్ష్యాలే. ‘పది సెకన్ల లోపు వాడుకోవచ్చు’ అనే రూలు కూడా మన చట్టంలో ఎక్కడా లేదు.

అలాగని సినిమా ముక్కను అసలు తాకకూడదనీ కాదు. 52(1)(ఎ) సెక్షన్ విమర్శ కోసం, సమీక్ష కోసం న్యాయంగా వాడుకోవడాన్ని ఉల్లంఘన కాదంటుంది. 2012 సవరణ తర్వాత ఇది సినిమాలకూ వర్తిస్తుంది. హాస్యం, పేరడీ అన్న మాటలు మాత్రం ఆ సెక్షన్‌లో లేవు. అందుకే మీ జోకు విమర్శ అయి ఉండాలి. హీరోయిన్ వైజాగ్‌లో ఆటో ఎక్కి అరకులో దిగేసరికి చీర మారిపోయింది, ఆటోవాడు కూడా మారిపోయాడు అంటే అది నవ్విస్తూనే కథలోని లోపం చూపించడం. అదే తెర మీద సినిమా నడుస్తుంటే మీరు నిన్నటి క్రికెట్ మ్యాచ్ గురించి నవ్వుకుంటే ఈ సెక్షన్ నీడ మీకు దొరకదు. కేరళలో ఒక ప్రసిద్ధ నాటకాన్ని విమర్శించడానికి సివిక్ చంద్రన్ మరో నాటకం రాసి, అందులో అసలు నాటకంలోని భాగాలు వాడుకున్నారు. 1996లో కేరళ హైకోర్టు ఆయన పక్షాన నిలబడింది. ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, అసలు దానికి పోటీగా తయారయ్యిందా అన్న మూడింటినీ తూకం వేసి చూసింది. మీరు చెప్పే మాటకు అవసరమైన తునక ఒకటి చూపించి, దాని మీద దానికంటే ఎక్కువసేపు మాట్లాడితే మీ వాదన బలంగా ఉంటుంది. పాట మొత్తం పెడితే బలహీనపడుతుంది.

మీ ఆడియో ఆలోచన మాత్రం నాకు నచ్చింది. కొత్తదేమీ కాదు లెండి. అమెరికాలో చెత్త సినిమాల మీద తెర ముందు కూర్చుని జోకులేసే టీవీ షో ఒకటి 1988లోనే మొదలైంది. ఆ బృందంలో పనిచేసిన మైకేల్ నెల్సన్ 2006లో రిఫ్‌ట్రాక్స్ అని పెట్టి, కామెంటరీ ఆడియోని మాత్రమే అమ్మారు. సినిమా డీవీడీ ఎవరిది వాళ్లే తెచ్చుకుని, రెంటినీ ఒకేసారి నడిపించుకోవాలి. సినిమా హక్కుల కోసం స్టూడియోల చుట్టూ తిరిగే పని తప్పింది.

మన చట్టం ముందు కూడా ఈ పద్ధతికి గట్టి పునాదే ఉంది. మీ ఆడియోలో సినిమా లేదు, కాబట్టి కాపీ లేదు, చేరవేయడమూ లేదు. ఒక రచనను మరో రూపంలోకి మార్చే హక్కు కథలకు, నాటకాలకు, సంగీతానికి ఉందిగానీ, సినిమా హక్కులు చెప్పే 14(డి)లో ఆ మాట లేదు. మీరు తయారుచేసింది మీ సొంత సౌండ్ రికార్డింగ్. దాని కాపీరైట్ మీదే, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. రేపు ఎవడో మీ ఆడియోని సినిమాతో కలిపి ఎక్కించేస్తే, వాడి మీద నిర్మాతకు ఎంత కోపం రావాలో మీకూ అంత రావచ్చు.

ఈ పునాది చెడిపోయేది చిన్న చిన్న అజాగ్రత్తల వల్ల. రికార్డు చేసేటప్పుడు సినిమా శబ్దం స్పీకర్లో పెట్టకండి, నలుగురూ హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. మీ మైకులోకి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ దూరితే సినిమాకే కాదు, ఆ సంగీతానికి హక్కున్న కంపెనీకి కూడా మీరు దొరికిపోయినట్టే. డైలాగులు వరసగా అప్పజెప్పకండి, స్క్రిప్టుకు వేరే కాపీరైట్ ఉంటుంది. ఒకటీ అరా డైలాగ్ ఎత్తి వెక్కిరిస్తే అది విమర్శ. ఆడియో ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికి ‘సెన్సార్ సర్టిఫికెట్ తెర మీద పడగానే ప్లే నొక్కండి’ అంటే చాలు. ఓటీటీ ప్రింటులో సీన్లు ఎగిరిపోయి ఉండొచ్చు కాబట్టి, ఏ ఓటీటీలో చూసి రికార్డు చేశారో కూడా చెప్పండి. ఆడియో పైన పెట్టే బొమ్మకు సినిమా పోస్టర్ వాడకండి. మీలో ఎవరికైనా కార్టూన్ గీయడం వస్తే గీయించండి. సినిమా ఎక్కడ దొరుకుతుందో చెప్పేటప్పుడు పైరసీ లింకు మాత్రం ఇవ్వొద్దు. ఉల్లంఘనకు సాయపడటం కూడా 63 సెక్షన్ కింద నేరమే. ఓటీటీ తాళం పగలగొట్టి సినిమాను దింపుకుని వాడుకుంటే 65ఎ సెక్షన్ కింద రెండేళ్ల వరకు శిక్ష ఉంది.

మీరు అడగలేదు గానీ, కొత్త సినిమాకు మార్నింగ్ షోకెళ్లి ఫోన్లో నాలుగు సీన్లు తీసుకుందామన్న ఆలోచన ఎవరికైనా వస్తే వెంటనే మానుకోండి. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించాక దానికి కనీసం మూడు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు. జరిమానా మూడు లక్షల దగ్గర మొదలై సినిమా నిర్మాణ వ్యయంలో 5 శాతం దాకా వెళ్తుంది.

49 రూపాయలకు అమ్మవచ్చు. విమర్శ ఉచితంగానే ఉండాలని ఎక్కడా లేదు, పత్రికలు సమీక్షలు వేసి డబ్బుకే అమ్ముతున్నాయి కదా. డబ్బు చేతులు మారే ముందు నలుగురూ వాటాలు ఒక కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోండి. నా దగ్గరికొచ్చే కాపీరైట్ గొడవల్లో సగం బయటివాళ్లతో కాదు, డాబా మీద పక్కన కూర్చున్నవాడితోనే.

ఇప్పుడు పరువు నష్టం సంగతి. భారతీయ న్యాయ సంహిత 356 సెక్షన్, పాత ఐపీసీ 499, 500 సెక్షన్ల వారసుడు. శిక్ష రెండేళ్ల వరకు. ఇందులో మీలాంటి వాళ్ల కోసమే అన్నట్టు ఆరో మినహాయింపు ఉంది: జనం తీర్పు కోసం బయట పెట్టిన ప్రదర్శన మీద సద్బుద్ధితో చెప్పే అభిప్రాయం పరువు నష్టం కాదు. 1860లో రాసిన ఉదాహరణలే నేటికీ ఉన్నాయి. ఒక పుస్తకం అసభ్యంగా ఉంది, దాన్ని బట్టి రాసినవాడి మనసు మంచిది కాదేమో అంటే మినహాయింపు వర్తిస్తుంది. అదే, ‘పుస్తకం అలా ఉండటంలో వింతేముంది, వాడి బతుకే అంత’ అంటే వర్తించదు. మొదటి మాట పుస్తకంలోంచి పుట్టింది, రెండోది బయటినుంచి తెచ్చి అంటించింది. నూట అరవై ఏళ్ల నాటి ఈ గీత మీ పనికి సరిగ్గా సరిపోతుంది. ‘ఈ సీన్ తీసేటప్పుడు డైరెక్టర్ గారు నిద్రపోయినట్టున్నారు’ అనండి, ఫర్వాలేదు. ‘తాగి తీశాడు’, ‘నిర్మాతకు నల్లడబ్బు తెల్లగా చేసుకోవాలి కాబట్టి తీశాడు’ అంటే అది జోకు కాదు, ఆరోపణ. రుజువు చేయాల్సిన బరువు మీ మీద పడుతుంది. హీరోయిన్ నటన మీద ఎన్నయినా అనండి. ఒళ్లు మీద అంటే అదే సంహితలో 79 సెక్షన్ ఉంది, స్త్రీని అవమానించే మాటలకు మూడేళ్ల వరకు. కులం పేరు ఎత్తి నవ్వించాలనుకునేవాడికి నేను వకాల్తా కూడా వేయను.

మిమిక్రీ చేయొచ్చు, మనకు ఆ సంప్రదాయం నేరెళ్ల వేణుమాధవ్ గారి నాటినుంచే ఉంది. హీరో గొంతును ఏఐతో తయారుచేసి వాడటం మాత్రం వద్దు. గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును అలా వాడినందుకు బాంబే హైకోర్టు 2024లో ఆపించింది. 2025లో నాగార్జున గారు కూడా తన పేరు, రూపం అనుమతి లేకుండా వాడకుండా ఢిల్లీ హైకోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకున్నారు.

కాలేజీ ఫెస్ట్‌కు కాపీరైట్ చట్టంలోని 52(1)(జె) పనికొస్తుంది. విద్యాసంస్థ కార్యక్రమాల్లో భాగంగా, చూసేవాళ్లు విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులు, ఆ కార్యక్రమాలకు సంబంధించినవాళ్లే అయితే సినిమా వేయొచ్చు. ప్రిన్సిపాల్ గారి దగ్గర అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. బయటివాళ్లకు టికెట్లు అమ్మినా, సిరిపురంలో హాలు తీసుకుని వేసినా ఈ మినహాయింపు పోతుంది. అప్పుడు హక్కుదారు లైసెన్సు కావాలి. మీ ఓటీటీ చందా మీ ఇంటి గోడల మధ్యకే.

చివరగా ఆ ఫోన్. కాపీరైట్ చట్టం 63 సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా ఉన్నమాట నిజమే. వ్యాపార లాభం కోసం కాకపోతే కోర్టు కారణాలు రాసి తగ్గించవచ్చు. ఇది నాన్ బెయిలబుల్ అని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. అంటే బెయిల్ రాదని కాదు, హక్కుగా కాకుండా కోర్టును అడిగి తెచ్చుకోవాలని. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కేసుల్లో మామూలుగా పోలీసులు ముందు నోటీసిచ్చి పిలుస్తారు, నేరుగా వచ్చి ఎత్తుకుపోరు. సివిల్ దావా వేస్తే 62 సెక్షన్ ప్రకారం నిర్మాత తన ఊళ్లోనే వేయొచ్చు. ఆయనది హైదరాబాద్ అయితే వాయిదా వాయిదాకీ గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాల్సింది మీరే. అందుకే రాజీ మార్గం మూసుకోకండి.

ఆ ఫోన్ చేసినాయన నిజంగా హక్కుదారు మనిషో కాదో మనకు తెలియదు. ఆధారం లేకుండా బెదిరించేవాళ్ల మీద మీరే దావా వేయడానికి 60 సెక్షన్ ఉంది గానీ, మీ మొదటి వీడియో విషయంలో అది నిలబడదు, ఆ మాట ఎత్తకండి. మళ్లీ ఫోన్ వస్తే హక్కు పత్రాల కాపీతో లాయర్ నోటీసు పంపమనండి. వస్తే పట్టుకుని ఎవరైనా వకీలు దగ్గరికెళ్లండి. వీడియో తొలగించామని, మళ్లీ పెట్టబోమని రెండు వాక్యాల జవాబు చాలాసార్లు సరిపోతుంది. స్ట్రైక్ మెయిలు, కాల్ వివరాలు దాచుకోండి. ఆ యాభై వేలు మాత్రం ఫోన్‌పేలో పంపకండి. నాన్నగారికి ఈ రాత్రే చెప్పండి, పోలీస్ స్టేషన్ నుంచి కబురొస్తే ముందు కంగారుపడేది ఆయనే.