గీత కొట్టరు, కింద రాస్తరు

ఈసారి వచ్చిన ఉత్తరాల్ల నాలుగు ఒక్కటే సంగతి మీద ఉన్నయ్, అమెరికా రాజ్యాంగం. నలుగురు కూడబలుక్కుని రాసిన్రో ఏమో నాకు తెల్వదు గని, అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్న. పంట బీమా గురించి అడిగినోళ్ళు వచ్చే నెల దాక ఆగుర్రి.

ప్రశ్న: సార్, మన చంద్రపూర్ జిల్లాల 2015ల దారు బంద్ పెట్టిన్రు, 2021ల తీసేసిన్రు. అమెరికాల గూడ ఇట్లనే రాజ్యాంగంల రాసి బంద్ పెట్టి మల్ల తీసేసిన్రట, నిజమేనా? రాజ్యాంగంల రాసినంక ఎట్ల తీస్తరు?
– ఒక మిల్లు కార్మికుడు, బల్లార్‌పూర్

జవాబు: నిజమే తమ్మీ. గని మన దగ్గర జరిగింది వేరే లెక్క. ముంబైల కేబినెట్ కూసుని బంద్ అన్నది, ఆరేండ్లకు ఇంకో కేబినెట్ కూసుని సాలు తియ్యి అన్నది, అంతే. ఆ ఆరేండ్లు బల్లార్షా స్టేషన్ల కాగజ్‌నగర్ దిక్కు పోయే బండికి ఎంత రష్ ఉండేనో నీకు నేను చెప్పుడెందుకు, పోయేటప్పుడు ఖాళీ సంచి వచ్చేటప్పుడు నిండు సంచి, సంచిల మీద పైన మాత్రం కొత్తిమీర కట్టలు.

అమెరికాల 18వ సవరణ అని తెచ్చిన్రు, 1919 జనవరిల రాష్ట్రాలు ఒప్పుకున్నయ్, ఏడాదికి అమల్లోకి వచ్చింది. దాంట్ల తమాషా ఏందంటే తాగొద్దని ఎక్కడ రాయలే. తయారు చెయ్యొద్దు, అమ్మొద్దు, ఒక తావు నుంచి ఇంకో తావుకు తేవొద్దు, బయటి దేశాల నుంచి దింపొద్దు అన్నరు. ముందే కొని ఇంట్ల దాచుకున్నోడు ఇంట్ల కూసుని తాగితే తప్పు గాదు. డాక్టర్ చీటీ రాస్తే మెడికల్ షాపుల విస్కీ దొరికేది, చర్చిల పూజకు వైన్ నడిచేది. ఇగ చీటీలు రాసే డాక్టర్లకు ఎంత గిరాకీ అయి ఉంటదో నువ్వే అనుకో. దొంగ సారా, గ్యాంగులు, పోలీసులకు మామూళ్ళు, మన జిల్లాల చూసినయ్ అన్నీ అక్కడ పెద్ద సైజుల అయినయ్.

మరి ఎట్ల తీసిన్రు అంటవ్, తియ్యలే. అసలు సంగతి గిదే. 18వ సవరణ ఇప్పటికీ ఆ పుస్తకంల అట్లనే అచ్చయి ఉంటది, దాని కింద రెండు సవరణలు దాటినంక 21వది అని ఒకటి, "ఆ 18వది రద్దు" అని. మన రాజ్యాంగంల సవరణ చేస్తే పాత మాట తీసి కొత్త మాట ఆడ్నే పెడ్తరు, కింద చిన్నక్షరాల్ల ఫలానా సవరణతోటి మారింది అని ఉంటది. వాళ్ళు అట్ల చెయ్యరు, పాతది ఉండనిచ్చి కింద చేరుస్తరు, మన కిరాణా కొట్టు ఖాతా బుక్కుల రాసినట్టు, ఇచ్చింది ఓ లైన్, తీరింది ఇంకో లైన్. బానిసలను లెక్కల ఐదింట మూడొంతుల మనుషులుగ పట్టాలె అన్న సిగ్గుమాలిన లైన్ గూడ ఇంకా ఆ పుస్తకంల చదవొచ్చు.

21వ సవరణకు ఇంకో ప్రత్యేకం ఉంది. రాష్ట్రాల అసెంబ్లీలల్ల మద్యనిషేధం గుంపుకు భయపడే మెంబర్లు ఎక్కువున్నరని, అసెంబ్లీలను పక్కకు పెట్టి, ఒక్క దీనికోసమే జనం ఎన్నుకున్న ప్రత్యేక సభలను అడిగిన్రు. అప్పుడు 48 రాష్ట్రాలు, 36 ఒప్పుకోవాలె, 1933 డిసెంబర్ 5న యూటా 36వది అయ్యింది. 27 సవరణలల్ల ఇట్ల ప్రత్యేక సభల దారిల పోయింది ఇదొక్కటే. ఏ రాష్ట్రానికన్న బంద్ ఉంచుకుందామని ఉంటే ఉంచుకో అని గూడ దాంట్లనే రాసిన్రు, మిసిసిపీ 1966 దాక ఉంచుకుంది. పక్క జిల్లా తెరిసినా గడ్చిరోలి 1993 నుంచి బంద్ ఉంచుకున్నట్టు.

ప్రశ్న: నమస్తే సార్, నేను మరాఠీ మీడియం, ఇంట్ల తెలుగు. ఎంపీఎస్సీ క్లాసుల అమెరికా రాజ్యాంగం మూలసూత్రాలు అని ఆరు పాయింట్లు డిక్టేట్ చేసిన్రు, బట్టీ పట్టిన గని ఒక్కటి గూడ బుర్రకెక్కలే.
– ఒక విద్యార్థిని, సిరోంచ

జవాబు: ఆరు పాయింట్లు పక్కన పెట్టు బిడ్డా. 1787 ఎండాకాలంల ఈ రాజ్యాంగం రాసెతందుకు ఫిలడెల్ఫియాల కిటికీలు మూసుకుని కూసున్నోళ్ళు అప్పుడే ఒక రాజును వదిలించుకుని వచ్చినోళ్ళు. వాళ్ళకు ఉన్న భయం ఒక్కటే, ఎవ్వని చేతుల గూడ మొత్తం పెట్టొద్దు. బ్యాంక్ లాకర్‌కు రెండు తాళంచెవులు ఉంటయ్ గద, నీదొకటి మేనేజర్‌దొకటి, అట్ల.

మన దగ్గర మంత్రిగ ఉండాలంటే ఎమ్మెల్యేనో ఎమ్మెల్సీనో ఎంపీనో కావాలె. అక్కడ ఉల్టా, కాంగ్రెస్ మెంబర్ మంత్రి కావాలంటే ఆ సీటుకు రాజీనామా ఇయ్యాలె. (కాంగ్రెస్ అంటే అక్కడ పార్టీ కాదు పార్లమెంటు, ఇది పరీక్షల తప్పు రాసినోళ్ళను నేను చూసిన.) చట్టం కాంగ్రెస్ చేస్తది, ప్రెసిడెంట్ వద్దని వాపస్ పంపొచ్చు, రెండు సభలల్ల మూడింట రెండొంతుల మంది మల్ల ఓటేస్తే ఆయన వద్దన్నా అది చట్టమే. జడ్జిని ప్రెసిడెంట్ ఎంచుతడు, సెనేట్ (కాంగ్రెస్ల పై సభ) ఒప్పుకోవాలె, ఒప్పుకున్నంక జీవితకాలం, అభిశంసన అయితే తప్ప దింపలేరు. రాష్ట్రాల సంగతికొస్తే, కేంద్రానికి రాసిచ్చినయ్ పోను మిగిలినయ్ అన్నీ రాష్ట్రాలవి లేకుంటె జనాలవి అని 10వ సవరణ. మన దగ్గర మిగిలినయ్ కేంద్రానికి పోతయ్. ఈ తేడా మీద ప్రశ్న వస్తది, రాసి పెట్టుకో.

మార్చుడు ఎట్లనంటే, 5వ ఆర్టికల్. రెండు సభలల్ల మూడింట రెండొంతులు ప్రతిపాదించాలె, 50 రాష్ట్రాలల్ల 38 ఒప్పుకోవాలె. 34 రాష్ట్రాలు కలిసి అడిగితే ప్రత్యేక సమావేశం పెట్టి గూడ ప్రతిపాదించొచ్చు, ఇప్పటిదాక ఒక్కసారి గూడ ఆ దారిల పోలే. ప్రెసిడెంట్ సంతకం అక్కర లేదు. ఇప్పటిదాక 11,000కు పైగ ప్రతిపాదనలు పెట్టిన్రు, అయినయ్ 27. మనయ్ 1950 నుంచే వంద దాటినయ్.

అయితే అక్షరం మారకున్నా అర్థం మారుతది, నన్నడిగితే అసలు మార్పు ఎక్కువ గిట్లనే అయ్యింది. 1868ల వచ్చిన 14వ సవరణల చట్టం అందరిని సమానంగ కాపాడాలె అని ఉంది. 1896ల రైలు డబ్బాలల్ల నల్లోళ్ళను వేరే కూసోబెడ్తే అది సమానమే అన్నది సుప్రీంకోర్టు. 1954ల స్కూళ్ళల్ల వేరే కూసోబెడ్తే సమానం కాదు అన్నది. ఒక్క అక్షరం మారలే, అదే లైన్, చదివే జడ్జీలు మారిన్రు. కోర్టు చట్టాన్ని కొట్టేయొచ్చు అని గూడ పుస్తకంల రాసి లేదు, 1803ల మార్బరీ కేసుల కోర్టే అనుకుంది. మన సుప్రీంకోర్టు 1973ల కేశవానంద భారతి కేసుల రాజ్యాంగం మౌలిక స్వరూపం, అంటే దాని పునాది, ముట్టొద్దు అన్నట్టే.

ప్రశ్న: ఒక కాలేజీ పోరడు ఒక్కడే అమెరికా రాజ్యాంగం మార్చిండని యూట్యూబ్‌ల చూసిన. ఫేకేనా?
– రాజురా నుంచి, పేరు రాయలే

జవాబు: ఫేక్ గాదు. 1789ల ఒకేసారి 12 సవరణలు రాష్ట్రాలకు పంపిన్రు, 1791ల 10 అయినయ్, మిగిలిన రెండిట్ల ఒక సవరణ రెండు వందల ఏండ్లు అట్లనే పడి ఉన్నది. అదేందంటే, కాంగ్రెస్ మెంబర్లు జీతం పెంచుకుంటే అది మధ్యల ఒక ఎన్నిక అయినంకనే చేతికి రావాలె. గ్రెగరీ వాట్సన్ అని టెక్సస్ యూనివర్సిటీల చదివే పిల్లగాడు 1982ల లైబ్రరీల ఇది చూసి, దీనికి గడువు పెట్టలే గద, అంటే ఇంకా బతికే ఉంది అని క్లాసుకు పేపర్ రాసిండు. సి గ్రేడ్ ఇచ్చిన్రు. పైకి అప్పీల్ పెట్టుకున్నా మారలే. ఆ కోపంల ఒక్కో రాష్ట్రం మెంబర్లకు ఉత్తరాలు రాసుడు మొదలువెట్టిండు, సొంత పైసలు పెట్టుకుని, పదేండ్లు. 1983ల మెయిన్ రాష్ట్రం, 1984ల కొలరాడో ఒప్పుకున్నయ్, 1992 మేల లెక్క నిండి 27వ సవరణ అయ్యింది. 2017ల యూనివర్సిటీ ఆ గ్రేడ్‌ను ఏ చేసింది.

అదే గడువు ఉంటే ఏమయితదో స్త్రీ పురుష సమానత్వ సవరణను చూడుర్రి. 1972ల కాంగ్రెస్ పాస్ చేసింది, గడువు 1982 దాక పొడిగించినా అప్పటికి 35 రాష్ట్రాల కాడనే ఆగింది.

ప్రశ్న: అన్నా, మాది జివతి తాలూకా, అటు తెలంగాణ మాది అంటది ఇటు మహారాష్ట్ర మాది అంటది. రెండు రేషన్ కార్డులు, రెండు దిక్కుల ఓటు. అమెరికాల రాష్ట్రాల గట్టు పంచాయితీలు ఉంటయా?
– ఒక రైతు

జవాబు: ఉంటయ్ కాకా, మస్తు ఉంటయ్, అక్కడ గూడ సీదా సుప్రీంకోర్టుకే పోతరు, మన దగ్గర లెక్క. పెద్ద తేడా ఒకటుంది. మన 3వ ఆర్టికల్ ప్రకారం పార్లమెంటు మామూలు మెజారిటీతోటి రాష్ట్రాన్ని చీల్చొచ్చు, అసెంబ్లీని అడిగితే సాలు, ఒప్పుకోవాలె అని లేదు. 2014 జనవరిల ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ బిల్లు వద్దన్నది, అయినా జూన్ 2న తెలంగాణ వచ్చింది. అమెరికాల అట్ల నడవదు, ఆ రాష్ట్రం అసెంబ్లీ ఒప్పుకోకుంటె దాని భూమిల నుంచి కొత్త రాష్ట్రం పుట్టదు. అదే రూల్ ఉంటే తెలంగాణ వచ్చేదా రాకపోయేదా అన్నది మీ అరుగు మీద కూసుని తేల్చుకోర్రి, నన్ను ఇరికించకుర్రి.

గట్టు పంచాయితీకి ఒకటి చెప్త. న్యూయార్క్ రేవుల ఎల్లిస్ ఐలాండ్ అని ఉంది, వలస వచ్చినోళ్ళను ఓడ దింపి చూసిన జాగ. మొదట మూడెకరాల దిబ్బ, తర్వాత మట్టి పోసి పెంచిన్రు. దిబ్బ న్యూయార్క్‌దే గని పోసిన మట్టి ఎవనిది అని న్యూజెర్సీ కొట్లాడింది. 1998ల సుప్రీంకోర్టు 1834 నాటి ఒప్పందం తీసి చూసి, పాత దిబ్బ న్యూయార్క్‌కు, పోసిన మట్టి న్యూజెర్సీకి అన్నది. గీత కట్టడాల మధ్యల నుంచి పోతది, కొంచెం పక్కకు జరుపుదాం అని ఒక సలహా వచ్చినా కోర్టు జరపలే. మీ మహారాజ్‌గుడల వంటిల్లు ఒక రాష్ట్రంల పడకగది ఇంకో రాష్ట్రంల ఉన్న ఇల్లు ఉంది గద, గట్లనే.