టెర్మినల్‌లో తెలుగు పేరు పెడితే కాలమ్ ఎందుకు జరుగుతోంది?

ప్రశ్న: కాలేజీ గ్రంథాలయం కోసం సీ భాషలో, టెర్మినల్ (అక్షరాలు మాత్రమే చూపే తెర) మీద రాయడానికి వాడే ఎన్‌కర్సెస్ అనే కోడ్ లైబ్రరీతో పుస్తకాల పట్టిక తయారుచేస్తున్నాను. ఇన్స్_డబ్ల్యూఎస్‌టీఆర్ అనే ఫంక్షన్‌తో లైను మధ్యలో తెలుగు పేరు చొప్పిస్తే పక్క కాలమ్ జరిగిపోతోంది. లైను చివరి అక్షరాలు మాయమవుతున్నాయి. కోడ్ జత చేశాను. తప్పు ఎక్కడుంది?
– ఇంజనీరింగ్ విద్యార్థి, గుంటూరు

జవాబు: ఇదే ఫిర్యాదు రకరకాలుగా వస్తూనే ఉంది. తెలుగు కనిపిస్తోందంటే లొకేల్ (భాష సెట్టింగ్), లింకింగ్ (లైబ్రరీని ప్రోగ్రాంకు జతచేయడం) సరిగానే ఉన్నట్టు. వాటిని వదిలేద్దాం.

చివరి అక్షరాలు పోవడం లోపం కాదు, ఆ ఫంక్షన్ పనితీరే అంత. కర్సర్ ఉన్నచోట కొత్త పాఠాన్ని దూర్చి, కుడివైపు ఉన్నదాన్ని పక్కకు నెడుతుంది. లైనులో పట్టనిది పోతుంది, కింది లైనుకు దిగదు. కర్సర్ కూడా కదలదు.

కాలమ్ సంగతి వేరు. 'తెలుగు' అన్న మాటే చూడండి. కంటికి మూడక్షరాలు, గుణింతపు గుర్తులను విడిగా లెక్కించే యూనికోడ్‌లో ఆరు, వాటిని నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. మరి తెర మీద ఎన్ని గళ్లు? యూనికోడ్ ఎత్వాన్ని చోటు తీసుకోని గుర్తుగా, కొమ్మును చోటు తీసుకునే గుర్తుగా పెట్టింది. అందుకే ఒక్కో గుర్తుకు ఎన్ని గళ్లో చెప్పే డబ్ల్యూసీవిడ్త్ ఫంక్షన్‌తో కూడితే సాధారణంగా ఐదు వస్తుంది. ఖాళీలు నింపేటప్పుడు అక్షరాల సంఖ్య కాకుండా ఈ లెక్క వాడండి. అయినా మీ టెర్మినల్ ఇంకోలా లెక్కేస్తే పట్టిక మళ్లీ చెదురుతుంది. చైనీస్, జపనీస్ అక్షరాలకు రెండేసి గళ్లు పద్ధతిగా ఇచ్చే టెర్మినళ్లలో చాలావాటికి మన గుణింతాల మీద ఆ శ్రద్ధ లేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇలా ఉండటం నాకు కోపం తెప్పిస్తుంది.

అయితే మీ కోడ్‌లో నాకు టెన్షన్ పుట్టించింది ఇది కాదు. 64 వైడ్ క్యారెక్టర్లు (ఒక్కోటి ఒక యూనికోడ్ గుర్తు) పట్టే బఫర్ పెట్టి, బైట్లను వైడ్ క్యారెక్టర్లుగా మార్చే ఎంబీఎస్‌టోడబ్ల్యూసీఎస్‌కు మూడో విలువగా సైజాఫ్ (బఫర్ బైట్ల లెక్క) ఇచ్చారు. లినక్స్‌లో ఒక్కో వైడ్ క్యారెక్టర్ 4 బైట్లు, అంటే సైజాఫ్ 256. ఆ ఫంక్షన్‌కు కావలసింది బైట్లు కాదు, అక్షరాల సంఖ్య. 64 పట్టేచోట 256 రాసుకోమని మీరే అనుమతి ఇచ్చారు. పేరు కాస్త పొడవైతే స్టాక్‌లో (ఫంక్షన్ తాత్కాలికంగా వాడే మెమరీలో) పక్కనున్నది చెరిగిపోతుంది. కావాలనే అలాంటి పేరు ఎక్కించేవాడికి అది దొడ్డిదారి. 63 ఇవ్వండి. చివర సున్నా మీరే పెట్టండి. మైనస్ 1 తిరిగొస్తే, అంటే మార్పిడి కుదరకపోతే, ఆ పేరును తెర మీదకు పంపకండి.

కంటికి కనబడని అక్షరాలతోనూ జాగ్రత్త. యూనికోడ్‌లో యూ+202ఈ నంబరు గుర్తు పాఠం దిశనే తిప్పేస్తుంది. ఇలాంటి గుర్తులతో సోర్స్ కోడ్‌నే మనిషి కంటికి ఒకలా, కంపైలర్‌కు ఇంకోలా చూపించవచ్చని 2021లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు నిరూపించారు. బయటివాళ్లు ఎక్కించే పేర్లలో 202ఏ నుంచి 202ఈ వరకు ఉన్నవి తీసేయండి.

పక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే కనబడని గుర్తు యూ+200సీని మాత్రం ముట్టుకోకండి. 2018లో ఒక రకం ఫోన్లలో 'జ్ఞా' చేరిన మెసేజ్ తెరవగానే యాప్‌లు కూలిపోయాయి. ఆ అక్షరాల వరుసలో 200సీ కూడా ఉంది. కానీ తప్పు అక్షరాన్ని గీసే సాఫ్ట్‌వేర్‌ది. 'పార్క్‌లో' అన్న మాటలో పొల్లును నిలబెట్టేది ఇదే, తీసేస్తే ల కూడా ఒత్తుగా మారిపోతుంది.